చంద్రవంక కింద రెండు చుక్కలు

పెన్సిల్ పిన్నికి ఆ పేరు పెట్టింది రవాణా ఆఫీసు గేటు దగ్గర వరసలో నిలబడే జనం. బండి ఒకరి పేరు నుంచి మరొకరి పేరుకు మారాలంటే ముందు ఆమె దగ్గరికి రావాలి. ఆమె బండి కిందికి దూరి, ఛాసిస్ చట్రం మీద కొట్టిన నంబరు దగ్గర మట్టి గోకి, గుడ్డతో తుడిచి, దాని మీద పల్చటి కాగితం పరిచి, మెత్తటి పెన్సిలు అడ్డంగా పట్టుకుని రుద్దుతుంది. నల్లటి కాగితంలోంచి తెల్లటి అంకెలు పైకి తేలతాయి. కాగితం ఫైల్లోకి వెళుతుంది, బండి కొత్త యజమాని ఇంటికి వెళుతుంది, పిన్ని మోచేతులకు గ్రీజు మిగులుతుంది.

పాతికేళ్ళుగా అదే పని. ఎండలో బండి కింద పడుకుంటే నీడ దొరికిందని, వానలో పడుకుంటే గొడుగు దొరికిందని ఆమె జోకు. విన్నవాళ్ళకే మళ్ళీ మళ్ళీ చెబుతుంది.

అప్పుడప్పుడు ముత్తాతల కాలం నాటి కార్లు వచ్చేవి. వాటి మీద నంబరొక్కటే ఉండదు. తలుపు సందులో చిన్న నక్షత్రం, నేలరేకు మీద మూడు గీతలు, ఇంజను పక్కన ఒక అక్షరం. ఎవరు కొట్టారో, ఎందుకు కొట్టారో యజమానులకు తెలియదు. ఒకాయన అది గూఢచారుల సంకేతమనేవాడు. ఇంకొకాయన తన కారు మీది త్రిభుజం చూసి, ఏ మహారాజు కోసమో ప్రత్యేకంగా చేసిన బండి అయ్యుంటుందని మీసం దువ్వేవాడు. పిన్ని మాత్రం నంబరుతో పాటు ఆ గుర్తుల్ని కూడా వేరే కాగితం మీద రుద్ది ఇంటికి తీసుకెళ్ళేది. భోజనాలయ్యాక వాటిని బండ్లు తయారైన తేదీల వరసలో నేల మీద పరిచి, చుట్టూ మోకాళ్ళ మీద తిరుగుతూ చూసేది.

అలా చూసిచూసి ఒక్కొక్క ముడీ విప్పింది. మూడు గీతలంటే ఆ తలుపును ఒకసారి ఊడదీసి మళ్ళీ బిగించారని. ఆ గుర్తు ఉన్న ప్రతి బండికీ బందు వెనక ఒక పల్చటి రేకు అదనంగా ఉంది. అక్షరాలు వారంలో రోజులు. నక్షత్రాలు రెండు రకాలు: నిటారుగా నిలబడ్డవి కొన్ని, ఎడమకు వాలినవి కొన్ని. వాలిన నక్షత్రం నాలుగో రోజు అక్షరం పక్కన ఎప్పుడూ లేదు. ఆ వాలిన నక్షత్రాలు కొట్టినవాడెవరో, బతికున్నాడో లేదో పిన్నికి తెలియదు. ఎడమచేతి వాటమని, వారంలో నాలుగో రోజు ఇంటిపట్టున ఉండేవాడని మాత్రం తెలుసు. "మా ఎడమచేతి అన్నయ్య" అనేది అతన్ని, పక్కింట్లో ఉన్నట్టు.

ఆ రోజుల్లో ఆమె కూతురు పసిపిల్ల. పదిరోజులకోసారి జ్వరం. ఇంట్లో చూసేవాళ్ళు లేక పిల్లను ఆఫీసుకే తెచ్చి, బల్ల కింద దుప్పటి పరిచి పడుకోబెట్టేది. సంచిలో జ్వరం మందు సీసా, కొలిచి పోయడానికి ఒక స్టీలు చెంచా. గంటగంటకూ పిల్ల మెడ మీద చెయ్యి పెట్టి చూడటం, వేడి తన చేతిదా పిల్లదా అని అనుమానం వచ్చి మళ్ళీ చూడటం. ఆ చెంచా కాడ వెనక, తయారుచేసినవాళ్ళు కొట్టిన చిన్న ముద్ర ఉండేది. చంద్రవంక, దాని కింద దగ్గర దగ్గరగా రెండు చుక్కలు. ఏ గిన్నెల ఫ్యాక్టరీదో.

పెన్సిలు రుద్దడంలో ఒక చిక్కుంది. చలి ఉదయం పెన్సిలు గట్టిపడుతుంది, మధ్యాహ్నం మెత్తబడుతుంది, అలసిన చెయ్యి బరువెక్కుతుంది. నక్షత్రం నిజంగా వాలిందా, చెయ్యి జారిందా తేల్చుకోవాలంటే ముందు చేతిని పరీక్షించుకోవాలి. అందుకని పిన్ని కొత్త కాగితం తీసిన ప్రతిసారీ, ఎడమవైపు పైమూల కింద చెంచా పెట్టి ఒకసారి రుద్దేది. చుక్కలు రెండూ విడివిడిగా పడితే అంతా సవ్యంగా ఉన్నట్టు. అతుక్కుపోతే కాగితం పారేసి మళ్ళీ మొదలు. తూకం వేసేముందు తక్కెడ ముల్లు చూసుకోవడం లాంటిది. తరవాత చెంచాను కడిగి, ఆరబెట్టి, పెన్సిలు పొడి ఉండిపోయిందేమోనని ఇంకోసారి కడిగేది.

ఆ మూల ముద్ర ఏమిటో కాగితం మీద ఎక్కడా రాసుకోలేదు. తన చెంచా తనదేనని ఎవరు రాసుకుంటారు?

నలభై కార్ల కాగితాలు ఒక ఆల్బంలో అంటించింది. నలభై ఒకటోది కార్ల సంగతి కాదు. నాలుగేళ్ళ కూతురు ఒకరోజు "నా బండికి కూడా తియ్యి" అని పేచీ పెట్టింది. పిల్ల మూడు చక్రాల సైకిలు సీటు కింద నిజంగానే ఒక నంబరు ఉంది. పిన్ని పద్ధతి తప్పలేదు. ముందు మూలన చెంచా, తరవాత నంబరు, కింద "మూడు చక్రాల బండి" అని శుభ్రంగా రాసి అంటించింది.

అప్పుడొచ్చాడు ప్రెసిడెంటు గారు. పాతకార్ల సంఘానికి అధ్యక్షుడు, తెల్ల చొక్కా, తియ్యటి మాట. కొత్తగా కొన్న పాత కారును తన పేరుకు మార్పించుకోవడానికి వచ్చి, పిన్ని బల్ల మీద ఆల్బం చూశాడు. తను కొన్న ఆ కారు కాగితం, పాత యజమాని ఉన్నప్పుడు తీసినది, అప్పటికే అందులో పదిహేడో పేజీలో ఉంది.

"రెండు వారాల్లో ఇచ్చేస్తానమ్మా. చూసి ముచ్చటపడతాను, అంతే."

పెద్దమనిషి కదా అని ఇచ్చింది. రెండు వారాలు రెండు నెలలయ్యాయి. అడిగితే "ఇల్లు సర్దుతున్నాం", తరవాత "మా బావమరిది చూస్తున్నాడు", ఏడాది దాటాక "ఆల్బమా? ఏ ఆల్బమమ్మా?" రెండేళ్ళకు ఆయన పేరుతో పుస్తకం వచ్చింది, పాతకార్ల మీది రహస్య ముద్రల గురించి. ఎడమచేతి అన్నయ్య అందులో ఉన్నాడు, నాలుగో రోజు సెలవుతో సహా. ముందుమాటలో సంఘం కుర్చీలు అద్దెకిచ్చినవాడి దాకా అందరికీ కృతజ్ఞతలున్నాయి. పిన్ని పేరు లేదు.

ఆవిష్కరణ సభకు పిల్లను చంకనేసుకుని వెళ్ళింది. జనం మధ్యలోనే అడిగింది. "అయ్యా, ఇవి నేను తీసిన ముద్రలు కదండీ?"

ప్రెసిడెంటు గారు నవ్వాడు. కోపపడి ఉంటే ఆమె మర్చిపోయేదేమో. జాలిగా నవ్వాడు. "పెన్సిలు రుద్దడం చిన్నపిల్లలు కూడా చేస్తారమ్మా. దాన్ని చదవడం విద్య."

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఒకడు పిల్ల బుగ్గ గిల్లి "ఏం పాపా, నువ్వూ రుద్దుతావా?" అన్నాడు. పిల్ల నిజం చెప్పింది. "నేనూ రుద్దాను, నా సైకిలుకి." ఈసారి నవ్వు హాలంతా పాకింది. పిల్ల తల్లి మెడలో మొహం దాచుకుంది. ఆ మెడ మీద తగిలిన వేడి ఊపిరి పిన్ని ఇప్పటికీ తడిమి చూసుకుంటుంది.

ఇంటికొచ్చి పుస్తకం తెరిచింది. మొదటి పటం చూసి అలాగే ఉండిపోయింది. పేజీ నిండా పెద్దది చేసి వేసిన చంద్రవంక, కింద రెండు చుక్కలు. "రాజముద్ర. ప్రధాన పరీక్షకుడు తుది ఆమోదంగా కొట్టిన రహస్య చిహ్నం. అసలైన ప్రతి బండి మీదా ఇది ఉన్నట్టు నా పరిశోధనలో తేలింది. ముందు అడ్డదూలం ఎడమ చివరన ఉంటుంది. కనిపించకపోతే రంగుల కింద పూడిపోయి ఉండాలి, లేదా ఆ బండి అసలుది కాకపోవాలి." కాగితం ఎడమ మూలను బండి ఎడమ మూల అనుకున్నాడు మహానుభావుడు. ఇంకా ఉంది. చివరి పట్టికలో నలభై ఒకటోది: "అరుదైన మూడు చక్రాల నమూనా. తయారీదారు తెలియరాలేదు. ఇప్పటికి దొరికింది ఒక్కటే."

పిన్ని చీర కొంగు నోట్లో కుక్కుకుని కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వింది. నవ్వు ఆగాక ఆలోచన మొదలైంది. రేపే వెళ్ళి చెబితే ఏమవుతుంది? 'పొరపాటు' అని రెండో ముద్రణలో దిద్దుకుంటాడు. దిద్దినందుకూ చప్పట్లు కొట్టించుకుంటాడు. లేదు. ముదరనివ్వాలి. గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తీసుకెళ్ళి తీరాలని ఆ క్షణమే నిర్ణయించుకుంది.

అదీగాక ఆమెకు ఇంకొకటి కనిపించింది. ఆ ముద్ర నిజమని నిరూపించాలంటే ఆయన ఆధారం చూపించాలి. ఉన్న ఆధారం ఒక్కటే, ఆమె ఆల్బం. అది బయటికి తీస్తే దొంగతనం బయటపడుతుంది. తియ్యకపోతే ముద్ర కట్టుకథ అవుతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఆయన్ను నలుగురి ముందు ఆ రెంటి మధ్యా నిలబెట్టాలి. ఆల్బం ఆయన చేత్తోనే తెప్పించాలి. అంతవరకూ నోరు మెదపకూడదు.

పదకొండేళ్ళు మెదపలేదు.

ఈలోగా రాజముద్ర కాళ్ళొచ్చినట్టు నడిచింది. ముద్ర లేని కార్లను సంఘం అనుమానంగా చూడటం మొదలుపెట్టింది. ముద్ర లేని యజమానులకు నిద్ర పట్టలేదు. మూడో ఏట పిన్ని ఒక కారు కింద పడుకుని దూలం తుడిస్తే, ఎడమ చివరన చంద్రవంక మెరిసింది. పడుకున్నచోటే కొలిచింది. చెంచా మీది వంక నాలుగు మిల్లీమీటర్లు. దీనిది ఆరు. ఇంటికెళ్ళి, పుస్తకం లోపలి పేజీలో అదే ముద్రను చిన్నగా వేసిన పటం కొలిచి చూసింది, అదీ ఆరే. అంటే ఇది పుస్తకం చూసి కొట్టిన ముద్ర.

ఎవరు కొట్టారో కనుక్కోవడం పెద్ద పనేం కాలేదు. రేకుల షాపు నడిపే ముసలి మేస్త్రీని అందరూ సుత్తి అంటారు. చేతిలో ఉండేదీ అదే, నోటితో పెట్టేదీ అదే. రెండు మాటలు పొగిడితే మూడో మాటకు కక్కేశాడు.

"నాకేం తెలుసు పిన్నీ, పుస్తకం తెచ్చి చూపించి ఇలాంటి పంచ్ చెయ్యమంటే చేశాను. మొదట కొట్టించుకున్నది ఎవరనుకున్నావ్? ప్రెసిడెంటు గారే. పుస్తకం రాసినాయన బండికే ముద్ర లేకపోతే బాగుండదు కదా. 'రంగు గోకితే కనబడిందని చెబుతాను, నువ్వు నోరు మూసుకో' అన్నాడు."

"మరి మూసుకున్నావా?"

"మూసుకునే ఉన్నా. నీకు చెప్పడం చెప్పడం కింద రాదు, నువ్వు మనింటి మనిషివి."

పిన్ని ఆ రోజు ఇంటికి వెళుతూ దారి పొడుగునా తనలో తాను ఏదో కూనిరాగం తీసింది. ఏడాదికి ఒకటో రెండో ముద్రలు పెరుగుతూ వచ్చాయి. వచ్చినదాన్నల్లా రుద్ది, తేదీ వేసి, దాచిపెట్టింది. ప్రతి ముద్రా ఆయన మెడకు బిగిసే తాడులో ఒక పోగు.

ఆ లెక్కలో ఒక మనిషి పడతాడని మాత్రం ఆమె అనుకోలేదు.

డ్రైవర్ బాబాయ్ ఒక ఉదయం ఆఫీసుకు వచ్చాడు. ఎవరికీ సొంత బాబాయ్ కాదు, అందరికీ బాబాయే. నలభై ఏళ్ళు ఒకటే కారును బాడుగకు తిప్పి, కళ్ళు మసకబారాక దాన్ని పిల్లను సాకినట్టు సాకుతున్నాడు. సంఘం ఏటా పెట్టే ప్రదర్శనలో ఈసారి అసలైన బండ్ల వరసలో దాన్ని నిలబెట్టాలని ఆయన కోరిక. మూడుసార్లు తిప్పి, ముద్ర లేదని తిరగ్గొట్టారు.

"అమ్మాయ్, నీకు ఈ అచ్చుల సంగతులు తెలుసు కదా. ఆ చంద్రవంకేదో నువ్వే కొట్టి పెట్టమ్మా. నా బండి సంగతి నాకు తెలుసు, ఒక్క మర కూడా మార్చలేదు. కానీ వాళ్ళు నన్ను అబద్ధాలకోరులా చూస్తున్నారు. కొట్టించుకుంటే నిజంగానే అబద్ధాలకోరునవుతాను. కొట్టించుకోకపోతే ఊరికే అవుతున్నాను."

పిన్నికి చెంప మీద కొట్టినట్టయింది. తన పిల్ల మందు చెంచా ముద్రను తన చేత్తోనే దొంగగా కొట్టమని అడుగుతున్నాడు ఈ పెద్దాయన, దణ్ణం పెట్టి మరీ.

సాయంత్రం కూతురికి చెప్పింది. కూతురికిప్పుడు పదిహేడు. తల్లి పగ ఆ ఇంట్లో మూడో మనిషిలా పెరిగింది కాబట్టి ఆ పిల్లకు కొత్తగా చెప్పాల్సిందేమీ లేదు.

"అమ్మా, ఒకటడగనా? కిందటేడు ఒకాయన ముద్ర లేదని బండిని తుక్కుకు వేసేశాడన్నావు."

"ఊఁ. తొమ్మిదో పేజీ బండి. ఎడమచేతి అన్నయ్య నక్షత్రం ఉండేది దాని మీద."

"అది అసలైన బండని నీకు తెలుసు. నువ్వు నోరు విప్పుంటే ఆ బండి ఉండేది. అది ఎవరి పాపం?"

"సగం నాది" అంది పిన్ని. "మిగతా సగానికి ఆయన్ను వదిలిపెట్టమంటావా?"

"వదలమన్లేదు. ఇంక ముదరబెట్టకు అంటున్నా. కుళ్ళిపోతుంది."

తిరస్కరించిన బండి యజమాని ప్రదర్శన రోజున విషయం తెలిసిన ఒక మనిషిని వెంటబెట్టుకుని తీర్పరి ముందు వాదించుకోవచ్చని సంఘం నియమాల్లో ఉంది. ఎవరూ వాడుకోని నియమం. డ్రైవర్ బాబాయ్ వాడుకున్నాడు, పిన్నిని వెంటబెట్టుకుని. తీర్పరి ఆ ఏడు బయటి ఊరి నుంచి వచ్చిన ఇంజనీరమ్మ. జేబులో కొలబద్ద, మొహంలో నవ్వు లేని మనిషి.

పెద్ద రేకుల షెడ్డులో కార్లు వరసగా, తళతళా మెరుస్తూ నిలబడ్డాయి. ప్రెసిడెంటు గారు ఎదురొచ్చాడు. జుట్టు నెరిసింది కానీ నవ్వు నెరవలేదు.

"ఏమ్మా, బాగున్నావా? ఇంకా పెన్సిళ్ళేనా?"

"పెన్సిళ్ళేనండి. అరిగిపోతే కొనుక్కుంటున్నాను, ఎవరివీ తీసుకోకుండా."

ఆయన విననట్టు ఇంజనీరమ్మ వైపు తిరిగాడు. "ఈ బండికి రాజముద్ర లేదు మేడమ్. నా పుస్తకం మొదటి పటం చూడండి."

"చూశాను. ఆ పటం ఎక్కడి నుంచి తీసుకున్నారో పుస్తకంలో లేదు."

"నా సొంత పరిశోధన."

పిన్ని ఒక అడుగు ముందుకు వేసింది. ఇక్కడే. ఇక్కడ కోపంగా మాట్లాడితే ఆయన జారిపోతాడు. గొంతులోకి పదకొండేళ్ళ కిందట తను విన్న జాలినే తెచ్చుకుంది. "పోనివ్వండి మేడమ్. ఆధారం అడిగితే పాపం ఏం చూపిస్తారు? పెద్దవారు, ఏదో ఊహించి రాసుకున్నారు. వయసు."

ఎవరో కిసుక్కుమన్నారు. ప్రెసిడెంటు గారి చెవులు ఎర్రబడ్డాయి.

"ఊహించానా? నలభై ఒక్క బండ్ల ముద్రలు ఉన్నాయి నా దగ్గర. నా చేత్తో తీసినవి."

"ఉండే ఉంటాయండి. చూసినవాళ్ళే లేరు."

"ఒరేయ్," అని తన కారు నడిపే కుర్రాణ్ణి కేకేశాడాయన. "ఇంటికి వెళ్ళి నా అలమారాలో తోలు అట్ట పుస్తకం పట్రా."

ముప్పావుగంట పట్టింది. మధ్యలో మనసు మార్చుకుని వద్దని కబురు పెడతాడేమోనని పిన్ని ఆయన్నే చూస్తూ కూర్చుంది. పెట్టలేదు. ఆల్బం కొత్త తోలు అట్టలో వచ్చింది. ఆమె పేరు రాసుకున్న మొదటి కాగితం చింపేసి ఉంది. మిగతావన్నీ భద్రంగా ఉన్నాయి. దొంగిలించిన సొమ్మును ఇంత జాగ్రత్తగా దాచినందుకు ఆమెకు ఒక్క క్షణం ఆయన మీద దాదాపు కృతజ్ఞత కలిగింది.

ఇంజనీరమ్మ ఒక్కో పేజీ తిప్పింది. ప్రతి పేజీ పైమూలనా చంద్రవంక, రెండు చుక్కలు. చుట్టూ చేరినవాళ్ళలో చప్పట్లు మొదలయ్యాయి. "చూశారా మేడమ్? ఒక్కటి కూడా తప్పలేదు" అన్నాడు ప్రెసిడెంటు గారు.

"ఇది ఏ బండి?" ఆమె వేలు నలభై ఒకటో పేజీ మీద ఉంది.

"అరుదైన మూడు చక్రాల నమూనా. ఒక్కటే దొరికింది. ఇప్పుడు ఎక్కడుందో తెలియదు."

"మా ఇంట్లో ఉందండి," అంది పిన్ని.

కూతురు జనంలోంచి దారి చేసుకుంటూ వచ్చి దాన్ని నేల మీద పెట్టింది. ఎర్రరంగు, ఒక పెడలు లేదు, హ్యాండిలుకు ఒకవైపు రబ్బరు లేదు. ముందుగా నవ్వింది సుత్తి. ఆ నవ్వుకు రేకులు అదిరాయి. ఇంజనీరమ్మ మాత్రం నవ్వలేదు. సైకిలును తలకిందులు చేసి, సీటు కింద నంబరు మీద కాగితం పెట్టి తనే రుద్దింది. నాలుగు అంకెలు. ఎనిమిది అంకె నడుం మీద అడ్డంగా ఒక గీర. ఆల్బంలోనూ అదే గీర.

"మరి ఈ సైకిలు మీద రాజముద్ర ఎక్కడుంది?" అంది ఆమె.

పిన్ని సంచిలోంచి చెంచా తీసి, ఆ కాగితం మూల కింద పెట్టి రుద్దింది. చుక్కలు విడివిడిగా పడ్డాయి.

"ఇది మా అమ్మాయి మందు చెంచా మేడమ్. రుద్దేముందు చెయ్యి సరిగ్గా ఉందో లేదో చూసుకోవడానికి ప్రతి కాగితం మీదా దీంతో మొదలుపెడతాను. కొలుచుకోండి. కాగితాల మీద నాలుగు మిల్లీమీటర్లు. పుస్తకంలోని చిన్న పటంలో ఆరు. ఈ షెడ్డులో దూలాల మీద కూడా ఆరే."

ప్రెసిడెంటు గారు పిన్ని వైపు వేలు చూపించాడు. నోటికొచ్చిన మాట మాత్రం తప్పుది. "అయితే తప్పు రాసింది ఈమె. నన్ను మోసం చేసింది."

"నేనేమీ రాయలేదండి. రాసింది మీరు."

"అంటే ఈ ఆల్బం ఈమెదని ఒప్పుకుంటున్నారా?" అంది ఇంజనీరమ్మ. "ఇందాక మీ చేత్తో తీశానన్నారు."

దొంగకు తేలు కుట్టినట్టు నిలబడ్డాడాయన. ఆమె పదిహేడో పేజీకి తిప్పింది. ప్రెసిడెంటు గారి సొంత కారు. అడ్డదూలం ఈ చివర నుంచి ఆ చివరిదాకా రుద్ది ఉంది. నల్లగా, నున్నగా, ఖాళీగా. ఇంజనీరమ్మ ఆయన కారు దగ్గరికి నడిచి, వంగి, ఎడమ చివర చూసి, లేచి, చేతులు దులుపుకుంది. ముద్ర అక్కడుంది.

ఆమె కాగితాలు సర్దుకుంటున్నప్పుడు ప్రెసిడెంటు గారు పిన్ని పక్కకు వచ్చాడు. గొంతు బాగా తగ్గించాడు. "చూడమ్మా, కొత్త ముద్రణలో నీ పేరు పైన వేయిస్తాను. నీదే మొదట, నాది తరవాత. ఇక్కడితో ఆపు. వీళ్ళందరి బండ్లూ ఉన్నాయి ఇక్కడ, వాళ్ళ పరువు పోతుంది."

పదకొండేళ్ళ కిందట ఆ మాట అని ఉంటే ఆమె ఆయనకు దణ్ణం పెట్టేది. ఇప్పుడు తన పేరు ఆ అట్ట మీద ఆయన పేరు పక్కన ఎలా ఉంటుందో ఊహించుకుంది. ఒక్క క్షణం బాగానే కనిపించింది. మరుక్షణం, బుగ్గ గిల్లించుకుని తన మెడలో మొహం దాచుకున్న పిల్ల కనిపించింది.

"నా పేరు నేను చూసుకుంటానండి."

ఇంజనీరమ్మ అందరికీ వినబడేలా చెప్పింది. డ్రైవర్ బాబాయ్ బండి అసలైన బండ్ల వరసలో ఉంటుంది. పిన్ని సంచిలోంచి తీసిచ్చిన తేదీల కాగితాల ప్రకారం ఆరు మిల్లీమీటర్ల ముద్ర ఉన్న బండ్లు పదమూడు. వాటిని ఒక్కొక్కటిగా చూసి, కొట్టిన చోటు, లోతు రాసుకోవాలి, అవి పుస్తకం వచ్చాక కొట్టినవని నమోదు చేయాలి. కొందరు యజమానులు ప్రెసిడెంటు వైపు గుర్రుగా చూశారు. కొందరు పిన్ని వైపు అంతకంటే గుర్రుగా చూశారు. ఒకాయన "నువ్వు చెప్పకపోతే ఎవరికి నష్టమమ్మా?" అన్నాడు. పిన్నికి తొమ్మిదో పేజీ గుర్తొచ్చింది.

"ఎవరైనా బండి కింద చూసి చదివితే నేను రాసుకుంటాను," అంది ఇంజనీరమ్మ.

సుత్తి ముందుకు రాబోయాడు. పిన్ని చెయ్యి అడ్డం పెట్టింది.

"ప్రెసిడెంటు గారు చదువుతారు మేడమ్. రుద్దడం ఎవరైనా చేస్తారు, చదవడం ఆయన విద్య."

కాదనడానికి ఆయనకు దారి లేదు. చుట్టూ అందరూ ఆయన సభ్యులే. తెల్ల చొక్కాతో మొదటి కారు ముందు మోకాళ్ళ మీద కూర్చుని, తల వంచి కిందికి చూశాడు. పిన్ని పక్కనే టార్చి పట్టుకుంది.

"ముద్ర... ఉంది. ఎడమ చివర."

"ఏం ముద్రండీ?" అంది పిన్ని.

"చంద్రవంక."

"అది పుస్తకంలో పేరు. అసలు పేరు చెప్పండి, మేడమ్ రాసుకోవాలి."

ఆయన గొంతు దూలం కిందినుంచి నూతిలోంచి వచ్చినట్టు వచ్చింది. "చెంచా."

రెండో కారు. చెంచా. మూడో కారు దగ్గర చొక్కాకు గ్రీజంటింది. నాలుగో దాని దగ్గర లేవడానికి బంపరు పట్టుకున్నాడు. అప్పటిదాకా తన కారు బానెట్ తుడుచుకుంటూ నిలబడ్డ డ్రైవర్ బాబాయ్ దగ్గరికొచ్చాడు.

"వదిలెయ్యమ్మాయ్. ముసలివాడు. నాకు కావలసింది దొరికింది కదా."

"నువ్వూ ముసలివాడివేగా బాబాయ్. నిన్ను మూడుసార్లు తిప్పినప్పుడు నీ మోకాళ్ళ సంగతి ఎవరైనా అడిగారా?"

"అడగలేదు. అందుకే అంటున్నా. ఆ నొప్పి నాకు తెలుసు."

పిన్ని ఆయన మొహంలోకి చూసింది. మంచివాడు. ఆయన మంచితనాన్ని ఆమె కాదనలేదు. తన దగ్గర ఇవాళ అంత లేదు. కూతురి చేతికి సంచి ఇచ్చి, ఒక కుర్చీ తెచ్చి ఆయన కారు పక్కన వేసింది.

"నువ్వు కూర్చో బాబాయ్," అంది. తరవాత టార్చిని అయిదో కారు కిందికి తిప్పి, ప్రెసిడెంటు గారి కోసం పక్కకు జరిగి చోటు చేసింది. "రండి. ఇంకా తొమ్మిదున్నాయి. మీది ఆఖరున."